గోండుల కథాసభలు: కిన్వట్, మాహూరు సీమ

నాందేడ్ జిల్లా ఉత్తరపు కొనను, పెన్‌గంగా నదికి దక్షిణముగా, టేకు అడవులతోను గుట్టలతోను నిండిన కిన్వట్, మాహూరు తాలూకాలు గోండులు, కోలాములు, ప్రధానులు, ఆంధ్ తెగవారు తరతరములుగా నివసించు సీమ. వీరిలో గోండుల వంశచరిత్రము, దేవతావృత్తాంతములు, ఆచారనియమములు తాళపత్రములందు గాక, సంవత్సరములో నియతమైన కొన్ని దినములందు, నియతమైన స్థలములందు, వాద్యసహితముగా జరుగు గానసభలలో భద్రపడి యున్నవి. ఆ సభలో పాడువాడు గోండు కాడు. ప్రధాన్ తెగకు చెందిన కులగాయకుడు. వినువారు వినోదార్థమై చేరిన ప్రేక్షకులు కారు. ఆ గాథలో పేర్కొనబడు పూర్వుల సంతతివారు. ఈ రెండు సంగతులను మనస్సున నుంచుకొననిచో ఈ కథాసభల స్వభావము బోధపడదు. గత నూటయేబదియేండ్లలో వాటికి వచ్చిన మార్పులును బోధపడవు.

నాందేడ్ పేరు వినగానే చదువరులకు మొదట స్ఫురించునది, గురు గోవిందసింహుడు 1708లో దేహము చాలించిన గోదావరీతీరమున వెలసిన హుజూర్ సాహిబ్ గురుద్వారము. గ్రంథమునకే గురుపీఠము నొసగిన పట్టణమది. 2011 జనాభా లెక్కల ప్రకారము 33.6 లక్షల జనులు గల ఈ జిల్లాలో, కేంద్రపట్టణమున లిఖితవాక్యము గురుస్థానము నందుకొనగా, ఉత్తరారణ్యమున వ్రాత నాశ్రయింపని ధర్మ మొకటి కేవలము గళము నాశ్రయించి బ్రదుకుచుండుట గమనింపదగిన విశేషము. రెండవదానిని గూర్చి తెలుగున వ్రాసినవారు అరుదు. వ్రాసినవారును ఆదిలాబాదు పొలిమేరతో ఆగిపోయిరి.

దేశకాలములు

కిన్వట్ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలో చేరి యుండెను. రాష్ట్రముల పునర్విభజనలో దానిని నాందేడ్ జిల్లాకును, రాజురా తాలూకాను చాందా జిల్లాకును చేర్చి, రెంటిని బొంబాయి రాష్ట్రమున కలిపిరి. 1960 నుండి అవి మహారాష్ట్రములో నున్నవి. మరాఠీని, తెలుగును తూచి గీచిన ఈ సరిహద్దు, ఆ రెంటికి నడుమ మాటాడబడు గోండీని, కోలామీని లెక్కలోనికి తీసికొనలేదు. పెన్‌గంగ కిన్వట్ సీమను యవత్‌మాల్ జిల్లానుండి వేరుచేయుచున్నది గాని ఆదిలాబాదునుండి వేరుచేయుట లేదు. ఈ రెంటి నడుమ అడవి అవిచ్ఛిన్నముగా సాగుచున్నది. వియ్యములు, దేవర కొలువులు, కులగాయకుల పర్యటనములు నేటికిని ఈ గీతను దాటుచునే యున్నవి. కావున కిన్వట్ గోండుల కథాసభలను గూర్చి చెప్పబూనినవారు జిల్లా పొలిమేరను, రాష్ట్రపు పొలిమేరను గూడ పలుమారు దాటక తప్పదు.

ప్రభుత్వపు గుర్తింపులును ఈ గీతతోనే మారుచుండుట విచిత్రము. తెలంగాణమున షెడ్యూల్డు తెగలలో చేరిన లంబాడీలు మహారాష్ట్రమున ఆ జాబితాలో లేరు. మహారాష్ట్రపు జాబితాలో కోలాములతో కలిపి మన్నేర్వార్లు అను పేరు కానవచ్చును. నాందేడ్ జిల్లాలో ఆ పేర తెగ ధ్రువపత్రములు కోరువారి హక్కును గూర్చి దీర్ఘకాలముగా వివాదములు నడచినవి. ఒకని పూర్వు లెవరో నిర్ణయించు పని ఒకప్పుడు గాయకునిది. నేడది పరిశీలన సంఘములది.

గోండులకు రాజ్యములుండెను. మాహూరు కోటను బహమనీలకు పూర్వము గోండు దొర లేలిరని ఐతిహ్యము. 15వ శతాబ్ది పూర్వార్ధమున అహ్మద్ షా బహమనీ దానిని వశపరచుకొనెను. చాందా రాజధానిగా నేలిన గోండు వంశము 1751లో నాగపురపు భోంస్లేలచేత అంతరించెను. రాజ్యములు పోయిన పిదప గోండులకు మిగిలిన ప్రధానమైన వ్యవస్థ గోత్రవ్యవస్థ. ఆ వ్యవస్థకు ఆధారభూతమైనది గాథ. మాహూరు నేడు రేణుకాదేవి క్షేత్రముగా, దత్తాత్రేయ శిఖరముగా సుప్రసిద్ధము. అచ్చటికి వచ్చు యాత్రికులలో కోట గోడలను చూచి గోండులను తలచుకొనువారు కొద్దిమందియే.

గాథయు, గోత్రమును

ఈ సీమలోని గోండులు నాలుగు సగలుగా విభక్తులు: ఏడుగురు దేవతల సంతతివారు యేర్వేన్ సగ, ఆరుగురి సంతతివారు సర్వేన్ సగ, ఐదుగురివారు సీవేన్ సగ, నలుగురివారు నాల్వేన్ సగ. ఒకే సగలో పెండ్లి నిషిద్ధము. ప్రతి సగలోను గోత్రములున్నవి. ప్రతి గోత్రమునకు పెర్సాపేన్ అను మహాదైవ మున్నది. ఇనుప బల్లెపు మొనయు, నల్లని చామరమును ఆ దైవమునకు చిహ్నములు. దానిని కొలుచు పూజారి కటోడ. గ్రామమును కాచు అకిపేన్, గ్రామమాత యగు అవ్వల్‌పేన్ మొదలగువారి అర్చన దేవారి అను గ్రామపూజారి నిర్వహించును. ఊరి పెద్ద పట్లా.

ఈ నాలుగు సగలు ఏర్పడిన విధమే మూలగాథ. శంభుమహాదేవుడు గోండు దేవతలను ఒక గుహలో బంధించి రాతితో మూసివేయగా, జంగుబాయి వారిని సాకగా, పహండి కుపార్ లింగల్ అను మహాపురుషుడు వారిని విడిపించి, సగలుగా విభజించి, ఎవరెవరితో వియ్యమందవలెనో, ఎవరిని ఎట్లు కొలువవలెనో ఉపదేశించెనని దాని సారము. కథనములు పలువిధములు: కొన్నింట పిల్లల తల్లి కాలి కంకాలి, కొన్నింట సంఘటనల క్రమమే వేరు. ఒక కథనమున, ఆ రాతిని కదలించుటకు కావలసిన బలము పిల్లలకు వచ్చినది హీరాసుక అను గాయకుని వాద్యము వలన. రాయి దొరలినది, దాని క్రింద హీరాసుకుడే నలిగి మరణించెను. ఆ హీరాసుకుడే ప్రధానులకు మూలపురుషుడు. జాతి విముక్తిలో గాయకుని పాలు ఎంతయో గాయకులే చెప్పుకొన్న కథ గనుక ఇందు కొంత స్వోత్కర్ష యుండవచ్చును. ఐనను తమ మూలపురుషుని విజేతగా గాక బలియైనవానిగా చిత్రించుకొనుట వారి సంయమనమునకు సాక్ష్యము.

ప్రధానులు

ప్రతి ప్రధాన్ కుటుంబము ఒక గోండు గోత్రమునందలి నిర్ణీతమైన కుటుంబములకు వంశపారంపర్యముగా కట్టుబడి యుండును. ఆ కుటుంబములవారే దాతలు. వారి పెండ్లిలో, వారి దినకర్మలో, వారి పెర్సాపేన్ కొలువులో పాడు హక్కు, బాధ్యత అతనివే. మూడు తంత్రుల కిక్రి అతని ముఖ్యవాద్యము. పెప్రె అను సన్నాయివంటి సుషిరవాద్యము, డోలు, కాలికొమ్ము తోడగును. ప్రతిఫలముగా ధాన్యము, వస్త్రములు, పశువు మొదలగునవి లభించును. చనిపోయినవానిని పూర్వులలో, పెర్సాపేన్ సన్నిధిలో చేర్చు కర్మ ప్రధాన్ గానము లేక పూర్తికాదు.

ఇందులో రెండు వైచిత్ర్యములున్నవి. మొదటిది: ఈ సీమ ప్రధానుల యింటిభాష మరాఠీ, గానభాష గోండీ. తల్లిభాష కాని భాషలో, తమ జాతి కాని జాతి పురాణమును, ఆ జాతివారికంటె నిండుగా ధరించినవారు వీరు. రెండవది: గాథకై ప్రధానుపై నాధారపడిన గోండు, అతని చేతి వంట తినడు, పంక్తిలో అతనిని తనకంటె తక్కువవానిగా నుంచును. 1940 ప్రాంతమున ఈ సీమను పరిశీలించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఈ రెంటిని స్పష్టముగా గుర్తించెను. తోటీలు అను మరియొక గాయక తెగ సంఖ్యలో అత్యల్పమై, ప్రధానులకంటెను దిగువ స్థానమున నుండి, ఇట్టి వృత్తినే చేయుచున్నది. జ్ఞానమునకును గౌరవమునకును ఇంతటి ఎడబాటు గల సభ మన పురాణకాలక్షేపములలో కానరాదు. మన పౌరాణికుడు పీఠముపై కూర్చుండును, వీరి గాయకుడు నేలపై.

కోలాముల స్థానము వేరు. కోలామీ భాషను 2011లో మాతృభాషగా నమోదు చేసికొన్నవారు దేశమంతట సుమారు 1.28 లక్షలు, యవత్‌మాల్, చంద్రపూర్, నాందేడ్, ఆదిలాబాదు ప్రాంతములే వారి నెలవు. భీమయక్ వారి ఆరాధ్యుడు. స్థానికదేవతలను ప్రసన్నము చేయు శక్తి కోలాముల కధికమని గోండుల విశ్వాసము. అందుచే పలుచోట్ల గోండులకు వారు పూజారులు. ఇట్లు ఒకే అడవిలో కథ ఒకరిది, గళమొకరిది, మంత్రమొకరిది. ఎమెనో 1955లో ప్రకటించిన కోలామీ వ్యాకరణము ద్రావిడభాషాశాస్త్రమున ప్రసిద్ధము. ఆ భాషలోని గాథలకు మాత్రము అంతటి ఆదరము లభింపలేదు.

ఋతువును, సభయు

పెర్సాపేన్ కొలువులు పుష్య, వైశాఖ మాసములలో జరుగును. గోత్రమువారందరు పేన్ ఉన్న ఊరికి చేరుదురు. రాత్రి ప్రధాన్ కిక్రి సవరించి ఆ గోత్రపు దైవము ఎట్లు పుట్టెనో, ఏయే చోట్ల తిరిగెనో, పూర్వులు దానిని ఎట్లు కనుగొనిరో పాడును. ఇది కర్మాంగము, గానము లేనిది పూజయే లేదు. అదే గాథను వేసవి మధ్యాహ్నమున, ఊరికే, అడిగినవానికెల్ల అప్పగించుట ఈ సంప్రదాయమున ఊహింపబడలేదు.

ఆశ్వయుజ పూర్ణిమ తరువాత మొదలై దీపావళి దాటువరకు సాగు దండారి మరియొక తీరు సభ. కిన్వట్, మాండవి, మాహూరు ప్రాంతపు మరాఠీలో దీనిని దండార్ అందురు. నెమలి యీకల పెద్ద తలపాగ, కొమ్ములు, చర్మములు, ఒడలంతట బూడిద ధరించిన గుస్సాడీలు ఏత్మాసూర్ దైవమునకు ప్రతినిధులు. ఆ దీక్షాదినములలో వారు స్నానము చేయరు. ఒక ఊరి బృందము మరియొక ఊరికి అతిథిగా పోవును. ఆతిథ్యమిచ్చిన ఊరు మరల అతిథిగా వచ్చును. పగలు ఆట, రాత్రి పాట, నడుమ నవ్వు పుట్టించు చిన్న ఖేల్‌లు. వాటిలో పట్వారీ, షావుకారు, జంగ్లాత్ జవాను వంటివారు హాస్యమునకు గురియగుదురు. రెండూళ్ల పెద్దలు పెండ్లి సంబంధములు మాటాడుకొనుటయు అప్పుడే. పెర్సాపేన్ సభ గోత్రమును లోపలికి చేర్చునది. దండారి వియ్యపు గోత్రములను బయటినుండి పిలుచునది. రెంటిని కలిపి చూచిననే గోండు సమాజపు నడవడి తెలియును.

గుస్సాడీ ఢిల్లీ చేరిన కథ వేరు. మార్లవాయి గ్రామపు కనక రాజు నాయకత్వమున ఆ బృందము 1981 గణతంత్రోత్సవమున ఇందిరాగాంధీ యెదుట ఆడెను. ఆయనకు 2021లో పద్మశ్రీ లభించెను. 2024లో ఆయన మరణించెను. దీక్షగా ధరించు వేషమును ప్రదర్శనముగా ధరించుట తగునా అను ప్రశ్నకు గోండు పెద్దలు ఇచ్చుకొన్న సమాధానము ఆచరణాత్మకమైనది: దండారి దినములలో నియమములు యథాతథము, మిగిలిన దినములలో అది ఆట.

కేస్లాపూరు

ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలమునందలి కేస్లాపూరులో పుష్య అమావాస్యనాడు మొదలగు నాగోబా జాతర మెస్రం గోత్రమువారి కొలువు. జన్నారం మండలమున కలమడుగు చేరువనున్న హస్తినమడుగునకు కాలినడకను పోయి, గోదావరి జలమును కలశమున తెచ్చి, మఱ్ఱిచెట్ల క్రింద విడిదిచేసి, అమావాస్య రాత్రి మహాపూజ చేయుదురు. మెస్రం వారింట క్రొత్తగా మెట్టిన కోడండ్రను తెల్లని వస్త్రములతో దైవమునకు పరిచయము చేయు భేటింగ్ ఆచారము ముగిసినగాని ఆ కోడండ్రు దేవరకొలువున పాల్గొనరాదు. మఱ్ఱుల క్రింద ఒక్కొక్క శాఖవారికి వారి వారి పొయ్యిలు, వారి వారి స్థలములు నియతములు. మహారాష్ట్రపు మెస్రంలు, కిన్వట్ సీమవారును, ఈ నియతస్థలములకే వచ్చి చేరుదురు.

ఈ జాతరలో దర్బారు అను క్రొత్త సభ చేరినది 1940ల దశకమున. భూములు కోల్పోయిన గోండుల పక్షమున పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్ కొండలలో నైజాము పోలీసుల తుపాకులకు నేలకొరిగెను. ఆ అలజడికి మూలము తెలిసికొనుటకై ప్రభుత్వము పంపిన హైమన్‌డార్ఫ్, అడవిలోని వేలమందిని అధికారులు ఒక్కచోట కలిసికొనదగిన తావు జాతరయే యని గ్రహించి, మెస్రం పెద్దల సమ్మతితో దర్బారునకు తెర తీసెను. జిల్లా అధికారులు నేటికిని అచ్చట కూర్చుండి అర్జీలు అందుకొనుచున్నారు. రాయ్ సెంటర్లు అను తెగ పంచాయతుల పెద్దలగు సార్మేడీలు వేదికపై తమవారి ఇక్కట్లను విన్నవింతురు. తెగ తన చరిత్రను తాను వినుచుండిన తావున తెగ తన గోడును ప్రభుత్వమునకు వినిపించు సభ పుట్టినది. శ్రోత మారినాడు, భాషయు మారినది. ఉట్నూరు గిరిజనాభివృద్ధి సంస్థ యధికారము కిన్వట్‌లో చెల్లదు గనుక ఆ సీమనుండి వచ్చినవారికి ఈ దర్బారు పనికిరాదు; వారి అర్జీలు కిన్వట్‌లోని ప్రాజెక్టు కార్యాలయమునకు పోవలసినవే. కేస్లాపూరున వారి పని దైవముతోను, పాటతోను మాత్రమే.

సభలన్నియు ఇట్లు శాంతముగా ముగియలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో రైతుకూలీ సంఘము తలపెట్టిన సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. పదుమువ్వురు మరణించిరని ప్రభుత్వము చెప్పినది. ప్రజలు చెప్పు సంఖ్య అంతకు చాల యెక్కువ. అచ్చట వెలసిన స్తూపము చెంత వర్ధంతి జరుపుట యనేక సంవత్సరములు ఆంక్షలకు లోనయ్యెను.

సేకర్తలు

ఈ గాథలను కాగితముపై నెక్కించినవారిలో మొదటివాడు నాగపురమున నివసించిన స్కాట్లండు మిషనరీ స్టీఫెన్ హిస్లప్. ఒక ప్రధాన్ నోట విన్న లింగో, అనగా లింగల్, గాథను అతడు వ్రాసికొనెను. 1863లో అతడు మరణింపగా, రిచర్డ్ టెంపుల్ 1866లో దానిని అచ్చువేయించెను. తరువాత జేమ్స్ ఫార్సైత్ అను సైనికోద్యోగి 1871లో ప్రకటితమైన తన మధ్యభారత గ్రంథమున దీనిని ఆంగ్లపద్యములుగా మార్చెను. అతడెన్నుకొన్న ఛందము లాంగ్‌ఫెలో 1855లో హయవాథా కావ్యమునకు వాడినది. ఆ కావ్యమో, ఉత్తర అమెరికాలోని అల్గాంక్వియన్ భాషాకుటుంబమునకు చెందిన ఓజిబ్వేల కథలను స్కూల్‌క్రాఫ్ట్ అను అధికారి సేకరింపగా, వాటిని తీసికొని, ఫిన్లండు జానపదేతిహాసపు నడకలో పోసి అల్లినది. ఇట్లు సాత్పురాల గాయకుని పాట, అమెరికా సరస్సుల కథలకు తొడిగిన ఫిన్లండు చొక్కానే తొడిగికొని లండను చేరెను. పాడినవాని పేరు ఎవరును అడుగలేదు. విన్నవా రెవరో, ఏ ఋతువున పాడెనో అడుగుట అంతకంటె దూరము.

ఓజిబ్వేల భాషాకుటుంబమునకే చెందిన మరియొక జాతి యగు అల్గాంక్విన్‌ల స్థితి మన గోండులకు బోధపడదగినదే. కెనడాలో ఒట్టావా నదీపరీవాహమున నివసించు ఈ జాతియు, దాని సోదర జాతులును కొన్ని పవిత్ర కథలను నేలపై మంచు ఉన్న కాలముననే చెప్పుదురు. గవ్వల పూసలతో నేసిన వాంపం పట్టీలు వారికి ఒడంబడికల జ్ఞాపకచిహ్నములు. పట్టీని పట్టుకొన్న పెద్ద దాని కథను సభలో చెప్పినప్పుడే అది పలుకును. కిటిగన్ జిబీ గ్రామమున 1913లో పుట్టి, 1951 నుండి 1970 వరకు అచ్చట ముఖ్యుడుగా నుండి, 2011లో మరణించిన విలియం కమాండా అట్టి పట్టీలకు సంరక్షకుడు. ఆయన తన యింటి ఆవరణమునకే అన్ని జాతులవారిని ఏటేట పిలిచి, తమ జాతి చరిత్రను, ప్రవచనములను వారి యెదుట బహిరంగముగా చెప్పెను. సంరక్షకుడే తలుపు తెరచుటకును, ఇతరులు వచ్చి తలుపు పెకలించుకొనిపోవుటకును గల భేదము హిస్లప్, కమాండాల నడుమ నున్నది.

హైమన్‌డార్ఫ్ ఈ రెంటికి మధ్యస్థుడు. 1909లో వియన్నాలో జన్మించిన ఆయన, రెండవ ప్రపంచయుద్ధము రాగా శత్రుదేశపు పాస్‌పోర్టు గలవాడై హైదరాబాదు రాజ్యమున చిక్కుకొని, రెవెన్యూ వ్యవహారములు చూచిన గ్రిగ్సన్ తోడ్పాటుతో గిరిజనుల నడుమ పరిశోధనకు పూనుకొనెను. భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసికొని నివసించెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము మొదలయ్యెను. గోండీ వాచకములు దేవనాగరి లిపిలో తయారయ్యెను. ప్రధానుల గాథలను విస్తారముగా ఎక్కించిన ఆయన గ్రంథము 1948లో వెలువడెను. బెట్టీ 1987లోను, ఆయన 1995లోను మరణించిరి. మార్లవాయివారు ప్రతి జనవరిలో ఆ దంపతులను స్మరించుచు సభ జరుపుదురు. ఆ కాలముననే గిరిజనాధికారిగా పనిచేసిన సేతుమాధవరావు పగడి గోండీ, కోలామీ వ్యాకరణములు రచించి, తరువాత మరాఠీ చరిత్రకారుడుగా కీర్తి గడించెను. ఆదిలాబాదు గోండులను గూర్చి ఆయన వ్రాసిన పుస్తకము కిన్వట్ సీమ యింకను ఆ జిల్లాలో నున్ననాటిది. నేడు దానిని తెలుగువారు తమదని గాని, మరాఠీలు తమదని గాని తగినంత తలంచుట లేదు.

నేటి వేదికలు

నాగపురమున రిజర్వుబ్యాంకు ఉద్యోగిగా నుండిన మోతీరావణ్ కంగాలి (1949–2015) గోండుల లోపలినుండి వచ్చిన సేకర్త. గోందియా జిల్లా కచార్‌గఢ్ గుహయే లింగల్ దేవతలను విడిపించిన చోటని ఆయనయు, ఆయన మిత్రులును ప్రచారము చేసిరి. మాఘ పూర్ణిమనాడు అచ్చట జరుగు కోయా పూనెం (గోండు ధర్మము) యాత్రకు పలు రాష్ట్రములనుండి గోండులు చేరుచున్నారు. కెరమెరి మండలమున, మహారాష్ట్రపు సరిహద్దు నానుకొని, కోట పరందోళి యొద్ద గల జంగుబాయి గుహకు పుష్యమాసమున కిన్వట్, రాజురా, ఆసిఫాబాదు సీమలవారు వచ్చుట అంతకంటె పాతది. కచార్‌గఢ్ సభలో మైకు యెదుట హిందీలో ఉపన్యసించు విద్యావంతుడే ముఖ్యుడు. జంగుబాయి గుహ యొద్ద కటోడయు, ప్రధానుడును ముఖ్యులు. ఉపన్యాసము గోండులందరికి ఒక చరిత్ర నిచ్చుచున్నది. గానము ఒక్కొక్క గోత్రమునకు దాని చరిత్ర నిచ్చుచుండెను. అందరి చరిత్ర యేర్పడుకొలది, వేర్వేరు కథనములలో ఏది సరియైనదను తగవు క్రొత్తగా పుట్టినది. గాయకుల కాలమున ఆ తగవు లేదు. పొరుగు గోత్రపు కథ వేరుగా నున్నచో అది పొరుగువారిది, అంతే.

ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించిన ఆగస్టు 9 ఆదివాసీ దినము, ఆశ్వయుజ పూర్ణిమనాడు జోడేఘాట్‌లో జరుగు భీం వర్ధంతి, నవంబరు 15 బిర్సాముండా జయంతి ఈ సీమ పంచాంగమున క్రొత్తగా చేరిన సభలు. ఊరేగింపు, పసుపుపచ్చని జెండాలు, డోలు, పిదప ప్రసంగములు. ప్రసంగము పెన్‌గంగ తట్టున మరాఠీలో, ఆదిలాబాదు తట్టున తెలుగులో సాగును. గోండీ స్వాగతవాక్యములకును, పాటలకును పరిమితమగుచున్నది. 2011లో 29.8 లక్షలమంది మాతృభాషగా చెప్పుకొన్న గోండీకి రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటు లేదు. ఆకాశవాణి ఆదిలాబాదు కేంద్రము ప్రసారము చేసిన గోండీ కార్యక్రమములు మాత్రము సరిహద్దుతో నిమిత్తము లేక కిన్వట్ గూడెములలోను వినబడెను.

వ్రాతను గూర్చి ఒక సవరణ అవసరము. నార్నూరు మండలపు గుంజాలలో గోండీకి ప్రత్యేకలిపి గల ప్రాతప్రతులు బయల్పడి, ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందము కృషివలన లోకమునకు తెలిసినవి. వాటిలో కొన్ని 1750 ప్రాంతమువని పరిశోధకుల అంచనా. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరినది. బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్‌సింగ్ మసరాం 1918లో కల్పించిన వేరొక లిపి అంతకు ఏడాది ముందే చేరినది. కాగా కిన్వట్ బడులలో పిల్లలు నేర్చునది దేవనాగరి, ఆదిలాబాదు బడులలో తెలుగు లిపి. గుంజాల ప్రతులను చదువగల వృద్ధులు అవి లోకమునకు తెలిసిననాటికే వ్రేళ్లపై లెక్కింపదగినవారు. అందుచే ప్రతులు దొరికినంతమాత్రమున గానసంప్రదాయమునకు వ్రాత ప్రత్యామ్నాయముగా నుండెనని చెప్పరాదు. కొందరు వ్రాసికొనిరి, అందరు వినిరి అనుట యుక్తము.

ఇతర ప్రాంతముల ప్రధానులు వృత్తిని మార్చుకొనిరి. నర్మదా ఉపరిభాగపు పాటన్‌గఢ్‌కు చెందిన జన్‌గఢ్‌సింగ్ శ్యామ్ (1962–2001) భోపాల్ భారత్ భవన్‌కు చేరి, పూర్వులు పాడిన దేవతలను రంగులలో వ్రాయగా, ఆ కుటుంబములలో కుంచె కిక్రిని మించిపోయెను. నాందేడ్, ఆదిలాబాదు ప్రధానులలో అట్టి మార్పు రాలేదు. కొందరు ఉద్యోగములకు పోయిరి, పలువురు సాగు చేయుచున్నారు. గోదావరి దిగువను, మణుగూరు ప్రాంతమున సమ్మక్క, సారలమ్మల చరిత్రను గానము చేసిన డోలి కోయ గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చెను. 2024లో ఆయన మరణించెను. ఇట్టి సత్కారము వ్యక్తి కళను గుర్తించును. పెర్సాపేన్ యెదుట పాడుటకు కావలసినది అది గాక, ఆ గోత్రముతో పుట్టుకవలన వచ్చిన సంబంధము. ఎంతటి గాయకుడైనను పరగోత్రపు కొలువున ఆ గానము చేయ నర్హుడు కాడు. ఈ నియమమే సంప్రదాయమును పలుచబడనీయక కాపాడినది. ఒక ప్రధాన్ కుటుంబమున కిక్రి పట్టువాడు లేకపోయినచో అతని దాతల గోత్రశాఖకు గాథ లేకుండ చేయుచున్నదియు ఇదియే. అట్టిచోట కిన్వట్ గోండులు ఆదిలాబాదు తట్టున అదే గోత్రమునకు పాడు ప్రధానులను వెదకి పిలిపించుకొనుచున్నారు. రాకపోకల ఖర్చు, ధాన్యము, బట్టలు కొలువు చేయు శాఖవారే భరింతురు.